ట్రస్టా, కంపెనీయా, సంఘమా? కొర్రల వ్యాపారం ఊరి మేలు కోసం నడపాలంటే

మడకశిర అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది మడకశిర దగ్గర ఒక పల్లె. బెంగళూరులో ఒక సూపర్‌మార్కెట్ల సంస్థలో కొనుగోళ్ల విభాగంలో పనిచేశాను. నాన్నకు ఆరోగ్యం బాగాలేక ఇంటికి వచ్చేశాను. ఇక ఇక్కడే ఉండి ఏదైనా చేయాలని గట్టిగా అనుకుంటున్నాను.

మా వైపు ఇన్నేళ్లూ అందరూ శనక్కాయే వేశారు. వాన ఎగ్గొట్టిన ఏడు పెట్టుబడి కూడా రాదు. ఈమధ్య కొందరు మళ్లీ కొర్ర, సామ వేస్తున్నారు. నీళ్లు పెద్దగా అక్కర్లేదు, మూడు నెలల్లో చేతికొస్తుంది. కానీ కల్లంలో ఉండగానే దళారికి అమ్మేస్తారు. అదే కొర్రబియ్యం కిలో ప్యాకెట్‌ను మేం ఎంతకు కొనేవాళ్లమో, ఎంతకు అమ్మేవాళ్లమో నేను రోజూ చూసినదాన్ని. రైతు చేతికి వచ్చేదానికీ దానికీ పొంతనే లేదు. ఇంకో బాధ ఏంటంటే, పండించిన ఇళ్లలోనే దాన్ని తినడం లేదు. మా అవ్వ చిన్నప్పుడు రోజూ కొర్రన్నమేనట. ఇప్పుడు పొట్టు తీసే మిషన్ దగ్గర్లో లేదు, రోట్లో దంచే ఓపిక ఎవరికీ లేదు. రేషన్ బియ్యంతో సరిపెట్టుకుంటున్నారు.

అమ్మ డ్వాక్రా సంఘంలో చాలా కాలంగా సభ్యురాలు. ఆ సంఘం, పక్క ఊళ్ల సంఘాలు కలిసి ఒక చిన్న మిషన్ పెట్టుకుని, కొర్రలు కొని, ఆడించి, ప్యాకెట్లు కట్టి బెంగళూరు పంపాలని నా ఆలోచన. ఊళ్లోవాళ్లకు, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇళ్లకు, తక్కువ ధరకు ఇవ్వాలి.

ఇక్కడే గందరగోళం మొదలైంది. మామయ్య అంటాడు, "సేవ అయితే ట్రస్ట్ పెట్టు, విరాళాలు వస్తాయి, లాభం మాట ఎత్తకు" అని. బెంగళూరు స్నేహితుడు ప్రైవేట్ లిమిటెడ్ పెట్టమంటాడు, ఇన్వెస్టర్లు వస్తారట. ఒక కంపెనీలో సీఎస్ఆర్, అంటే సమాజ సేవకు కంపెనీ పెట్టే ఖర్చు, చూసే ఆఫీసర్‌ను కలిస్తే, "మీది సోషల్ ఎంటర్‌ప్రైజా? రిజిస్ట్రేషన్ ఏంటి?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు.

సోషల్ ఎంటర్‌ప్రైజ్, అంటే సమాజం మేలు కోసం నడిపే వ్యాపారం, అని రిజిస్టర్ చేసుకునే చట్టం ఏమైనా ఉందా? లాభం తీసుకుంటే అది సేవ కాకుండా పోతుందా? నిజంగా ఇలాంటివి నడుపుతున్నవాళ్లు, దగ్గర నుంచి చూసినవాళ్లు చెప్పండి. పుస్తకాల్లో ఉండే నిర్వచనాలు చదివాను, వాటితో నా పని జరగడం లేదు.

జయనగర్ వాసి

మీ స్నేహితుడి మాట మరీ తీసిపారేయకండి. ప్రైవేట్ కంపెనీగా ఉండి కూడా పేదవాళ్లకు పనికొచ్చే వ్యాపారం చేయొచ్చు. బెంగళూరులో పనిచేశారు కాబట్టి సెల్కో పేరు వినే ఉంటారు. 1995లో మొదలైన సోలార్ కంపెనీ, హరీశ్ హందే దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. దీపాలు ఊరికే పంచలేదు. కరెంటు లేని ఇళ్లకు, చిన్న వ్యాపారులకు గ్రామీణ బ్యాంకుల చేత అప్పు ఇప్పించి, రాబడి రోజూ వచ్చేవాళ్లకు ఒక రకంగా, పంట మీద వచ్చేవాళ్లకు ఇంకో రకంగా వాయిదాలు పెట్టించి అమ్మారు. పాడైతే బాగుచేసే మనిషి దగ్గర్లోనే ఉండేలా చూసుకున్నారు. హందేకు 2011లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. కంపెనీ అనగానే భయపడొద్దు. డబ్బు పెట్టేవాళ్లకు ఎంత ఓపిక ఉందో మాత్రం ముందే తెలుసుకోండి.

పాల లెక్కలు

అమ్మా, పాత కరీంనగర్ జిల్లాలో ఒక పాల సహకార సంఘంలో లెక్కలు చూసి రిటైరయ్యాను. ఈ విషయం నా మనసుకు చాలా దగ్గరిది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మన దేశంలో సోషల్ ఎంటర్‌ప్రైజ్ పేరుతో రిజిస్టర్ చేసే ప్రత్యేక చట్టం లేదు. అది ట్రస్ట్ కావచ్చు, సొసైటీ కావచ్చు, సహకార సంఘం కావచ్చు, కంపెనీ కావచ్చు. బయట బోర్డు చూస్తే ఏమీ తెలియదు, లెక్కల పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. నేనైతే రెండు సంగతులు చూస్తాను. రోజువారీ ఖర్చులు అమ్మకాల మీద గడుస్తున్నాయా, ఎవరో ఇచ్చే డబ్బు మీద గడుస్తున్నాయా? ఏడాది చివర మిగిలిన డబ్బును ఏం చేయాలో చెప్పే హక్కు ఎవరికి ఉంది? రెండో ప్రశ్న చాలామంది అడగరు. మీరు మొదటి రోజే అడగాలి.

మీ మామయ్యగారు లాభం మాట ఎత్తొద్దన్నారు కదా. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి సంగతి ఆయనకు చెప్పండి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో 11 పడకలతో దాన్ని మొదలుపెట్టారు. ఇవ్వగలిగినవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటారు. ఇవ్వలేనివాళ్లకు ఉచితంగానో, చాలా తక్కువకో ఆపరేషన్ చేస్తారు. డబ్బు కట్టినవాళ్లకు గది వేరు, సౌకర్యాలు వేరు. డాక్టర్లు మాత్రం ఇద్దరికీ వాళ్లే. ఇదంతా దయతో మాత్రమే జరిగే పని కాదు. ఒక ఆపరేషన్ అవుతుండగానే పక్క బల్ల మీద ఇంకో రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. చూపు పరీక్షలు, రోగిని సిద్ధం చేయడం లాంటి పనులు పల్లెల నుంచి వచ్చి అక్కడే శిక్షణ పొందిన అమ్మాయిలు చూసుకుంటారు. డాక్టరు సమయం ఆపరేషన్లకే పోతుంది కాబట్టి ఒక్కో ఆపరేషన్‌కు పడే ఖర్చు తగ్గుతుంది. కంట్లో అమర్చే లెన్సు దిగుమతి చేసుకుంటే పేదవాడికి అందదని 1992లో ఆరోల్యాబ్ పెట్టి తామే తయారు చేయడం మొదలుపెట్టారు. అంటే వాళ్లు లాభం తీసుకుంటారు, దాన్ని కళ్లు కనిపించనివాళ్ల మీదే ఖర్చు పెడతారు.

మన హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా ఈ దారిలోదే. మండలాల్లో కళ్లు పరీక్షించే వాళ్ల విజన్ సెంటర్లు ఉంటాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకే శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు. కళ్లద్దాలు అమ్మగా వచ్చే డబ్బు సెంటర్ ఖర్చుకు ఆసరా అవుతుంది.

అయితే ఆసుపత్రిలో పేదవాడు రోగిగా వస్తాడు. మీ కొర్రల్లో పేదవాడు సరుకు తెచ్చి పోసేవాడు. ఈ తేడా పెద్దది. సరుకు పోసేవాళ్ల మేలు కోసం పెట్టేదానికి వాళ్లే యజమానులుగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్తాను.

మా పక్కనే ముల్కనూరు ఉంది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డిగారు అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు మొదలుపెట్టారు. అప్పు ఇవ్వడంతో ఆగకుండా రైతుల ధాన్యం, పత్తి అమ్మిపెట్టడం దాకా వెళ్లింది. అదే ముల్కనూరులో మహిళల పాల డెయిరీ 2002లో మొదలైంది. వేలమంది సభ్యులు, అందరూ ఆడవాళ్లే. పాలు పోసేది వాళ్లు, పాలకవర్గంలో కూర్చునేది వాళ్లు. స్వకృషి పేరుతో పాలు, పెరుగు అమ్ముతారు. అది 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద పనిచేస్తోంది. మాక్స్ చట్టం అంటాం. ఆ చట్టం రాకముందు, 1964 చట్టం కింద, ప్రభుత్వం సంఘాల్లో వాటా పెట్టేది, పాలకవర్గాన్ని పక్కనబెట్టి అధికారిని కూర్చోబెట్టేది. ఎన్నో సంఘాలు అలాగే నీరసపడిపోయాయి. మాక్స్‌లో ప్రభుత్వ వాటా ఉండదు, పెత్తనం సభ్యులది, నష్టం వచ్చినా సభ్యులదే.

నేను పనిచేసిన సంఘంలో ఏటా మహాసభలో ఒకే గొడవ. మిగిలిన డబ్బంతా లీటరుకు ఇంత అని బోనస్ పంచేయమని సగం మంది, కొంత నిధికి వేయమని సగం మంది. అరుపులు, కేకలు. ఒక్కోసారి మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయేవి. ఆ అరుపులు నాకు ఇష్టంగా ఉండేవి. పాడి గేదె ఒక్కటే ఉన్న మనిషి లేచి నిలబడి, "పోయిన సాలు దాణా ఎందుకు ఎక్కువకు కొన్నరు?" అని అడిగితే నేను బిల్లు తీసి చూపించాల్సి వచ్చేది. అలా అడగగలిగే హక్కు ఆమెకు చట్టం ఇచ్చింది. ట్రస్ట్‌లో ఆమెకు ఆ హక్కు ఉండదు. ట్రస్టీలు ఎంత మంచివాళ్లయినా సరే, ఆమె అడిగితే చెప్తారేమో గానీ చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు.

ఇక విరాళాల డబ్బు గురించి. మా దగ్గర ఒక ఊళ్లో పథకం కింద పాలు చల్లబరిచే పెద్ద ట్యాంక్ పెట్టారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కంప్రెసర్ పాడైన రోజున బాగు చేయించడానికి ఎవరి ఖాతాలోనూ డబ్బు లేదు. ట్యాంక్ ఇచ్చినవాళ్ల కాగితాల్లో పరికరం కొనడానికి లెక్క ఉంది, నడపడానికి లేదు. గదికి తాళం పడింది, ఆ ఊరి పాలు మళ్లీ ప్రైవేట్ వ్యాపారికే వెళ్లాయి. నాకు ఇప్పటికీ దాని మీద కోపం ఉంది. మిషన్ ఎవరైనా ఇస్తే తీసుకోండి. షెడ్డు కట్టిస్తామంటే కట్టించుకోండి, శిక్షణ ఇప్పిస్తే ఇంకా మంచిది. కొర్రలు కొనే ధర, కూలి, కరెంటు బిల్లు, మిషన్ అరుగుదల మాత్రం అమ్మకం ధరలోంచే రావాలి.

ఒక మాట ఇప్పుడే ఆలోచించుకోండి. మీరు ముగ్గురికి మేలు చేయాలనుకుంటున్నారు. రైతుకు ఎక్కువ ధర, పనిచేసే ఆడవాళ్లకు సరైన కూలి, ఊళ్లోవాళ్లకు చవగ్గా కొర్రబియ్యం. ఒకరికి పెంచితే ఇంకొకరికి తగ్గుతుంది. డబ్బు తక్కువైన ఏడాది ముందు ఎవరి వాటా కాపాడాలో సంఘం కూర్చుని వరుస రాసుకోవాలి. రాసుకోకపోతే, అప్పుడు గట్టిగా మాట్లాడినవాళ్లకే దక్కుతుంది.

మడకశిర అమ్మాయి

సార్, మీరు ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. అమ్మకు చదివి వినిపించాను. ట్యాంక్ సంగతి వినగానే అమ్మ, మా ఊరి మినరల్ వాటర్ ప్లాంటు గుర్తుచేసింది. అదీ ఇంతే, ఫిల్టర్ మార్చేవాళ్లు లేక ఆగిపోయింది.

ఒక సందేహం. ఇప్పుడు చిన్నగా ఉంటాం కాబట్టి అంతా మన చేతిలోనే ఉంటుంది. బాగా నడిచి, పెద్దదై, బయటివాళ్లు డబ్బు పెడతామని వస్తే? నా స్నేహితుడు అదే ఆశ చూపిస్తున్నాడు. తీసుకుంటే ఇంకా ఎక్కువమంది రైతులకు మేలు చేయొచ్చు కదా?

పాత ఫీల్డ్ స్టాఫ్, వరంగల్

చెల్లీ, ఈ ప్రశ్న చూసే లాగిన్ అయ్యాను. 2009, 2010 సంవత్సరాల్లో నేను ఒక మైక్రో ఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ స్టాఫ్‌ని. కంపెనీ పేరు చెప్పను. పొద్దున్నే బండి మీద ఊళ్లకు వెళ్లి సెంటర్ మీటింగ్ పెట్టి, ఆడవాళ్ల దగ్గర వారం వాయిదాలు వసూలు చేయడం పని.

చేరినప్పుడు మాకు చెప్పింది గొప్ప మాటే. బ్యాంకులు గుమ్మం దాకా రానివ్వని ఆడవాళ్లకు తాకట్టు లేకుండా అప్పు. బంగ్లాదేశ్‌లో మహమ్మద్ యూనస్ చేసి చూపించినది, 2006లో నోబెల్ శాంతి బహుమతి తెచ్చినది. అది అబద్ధం కాదు, మొదట్లో నిజంగానే చాలా కుటుంబాలకు ఉపయోగపడింది. కానీ యూనస్ పెట్టిన గ్రామీణ్ బ్యాంకులో అత్యధిక వాటాలు అప్పు తీసుకునే ఆడవాళ్లవే. మన దగ్గర కంపెనీల్లో వాటాలు బయటి పెట్టుబడిదారులవి. వాళ్లకు ఏటా పెరుగుదల కావాలి. ఆ ఒత్తిడి పైనుంచి మెట్టుమెట్టుగా దిగి నా దగ్గరికి వచ్చేసరికి, ఈ నెల ఇన్ని కొత్త అప్పులు ఇవ్వాలన్న టార్గెట్‌గా మారేది. ఒకే ఇంట్లో నాలుగు కంపెనీల అప్పు ఉందని మా బ్రాంచిలో అందరికీ తెలుసు. అయినా ఇంకో అప్పు ఇమ్మనేవారు. వాయిదా కట్టలేని మనిషి ఇంటి ముందు గ్రూపు మొత్తాన్ని కూర్చోబెట్టమనేవారు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

బయట అందరికీ తెలిసిన చరిత్ర కూడా చెప్తాను. ఎస్‌కేఎస్ మైక్రో ఫైనాన్స్ మెదక్ జిల్లాలో స్వయం కృషి సంగం అనే స్వచ్ఛంద సంస్థగా మొదలైంది. తర్వాత కంపెనీగా మారింది. 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌లో షేర్లు అమ్మింది, జనం ఎగబడి కొన్నారు. పేదల అప్పుల మీద ఇలా లాభాలు చేసుకోవడం సరికాదని యూనస్ అప్పుడే బహిరంగంగా అన్నారు. ఆ అక్టోబరులోనే, వేధింపుల మీద, ఆత్మహత్యల మీద రాష్ట్రమంతా గగ్గోలు పుట్టి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. రంగం మొత్తం కుప్పకూలింది. రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీ వేసి, 2011లో మైక్రో ఫైనాన్స్ కంపెనీలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

ఇన్వెస్టర్లందరూ చెడ్డవాళ్లని నేను అనడం లేదు. జయనగర్ అన్న చెప్పినట్టు ఓపిక ఉన్నవాళ్లూ ఉంటారు. కానీ వాళ్లు ఏదో ఒక రోజు వాటా అమ్ముకుని వెళ్లాలి. ఎవరికి అమ్ముతారో మీ చేతిలో ఉండదు. కొన్నవాళ్లకు మీ ఊరి పిల్లల కొర్రన్నం గురించి పట్టింపు ఉండాలని ఎక్కడా రాసి ఉండదు. ఎక్కువమంది రైతులకు చేరాలంటే అప్పు తీసుకోండి, నెమ్మదిగా పెరగండి. అప్పు వడ్డీతో తీరిపోతుంది, వాటా మాత్రం అమ్మితే తిరిగి రాదు.

అనంతపురం ఆడిటర్

ఇక్కడ చిన్న ఫర్ముల లెక్కలు చూస్తుంటాను. చట్టం వైపు నుంచి మీకు పనికొచ్చేది చెప్తాను.

ట్రస్ట్, సొసైటీ, సెక్షన్ 8 కంపెనీ (కంపెనీల చట్టం కింద సేవ కోసమే పెట్టేది): ఈ మూడింటిలో మిగులును సభ్యులకు పంచకూడదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ అనే నమోదు ఉంటే సంస్థ రాబడికి, 80జీ అనే నమోదు ఉంటే విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను మినహాయింపు ఉంటుంది. సీఎస్ఆర్ ఆఫీసర్ మిమ్మల్ని రిజిస్ట్రేషన్ అడిగింది అందుకే. ఆ డబ్బును కంపెనీలు తామే ఖర్చు పెట్టొచ్చు, వేరే సంస్థ ద్వారా పెట్టాలంటే మాత్రం మామూలుగా దానికి ఈ నమోదులుండాలి. కానీ మీరు చేసేది కొనడం, అమ్మడం. సాధారణ ప్రజాప్రయోజనం కింద నడిచే ట్రస్ట్‌కు వ్యాపార రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటితే పన్ను మినహాయింపు పోతుంది. మీ రాబడి దాదాపు అంతా అమ్మకాలదే కాబట్టి అది మీకు సరిపోదు. పైగా రైతులకు బోనస్ పంచలేరు.

మీకు సరిపోయేవి రెండు. ఒకటి, పాల లెక్కలు సార్ చెప్పిన మాక్స్ సంఘం. రెండోది ప్రొడ్యూసర్ కంపెనీ, 2002లో కంపెనీల చట్టంలో చేర్చారు. పదిమంది ఉత్పత్తిదారులుంటే పెట్టొచ్చు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. వాటా మీద పరిమితంగానే రాబడి ఇస్తారు, ఆ పైన మిగిలింది ఎవరు ఎంత సరుకు పోశారో దాన్నిబట్టి బోనస్‌గా పంచుతారు. మీరు భయపడుతున్న సంగతికి ఇక్కడ చట్టంలోనే అడ్డుకట్ట ఉంది. ఉత్పత్తిదారులు కాని బయటివాళ్లు వాటాలు కొనలేరు. ఇంకోటి గమనించండి, ప్రొడ్యూసర్ కంపెనీకి పూర్తికాలం సీఈవో ఉండాలి, ఆ మనిషి సభ్యుల్లోంచి ఉండకూడదు. కాబట్టి అమ్మ సభ్యురాలిగా ఉండొచ్చు, మీరు జీతం తీసుకుని సీఈవోగా పనిచేయొచ్చు. జీతం తీసుకోవడానికి మొహమాటపడకండి. ఊరికే పనిచేసే మనిషి పెళ్లయితేనో, వేరే ఉద్యోగం వస్తేనో వెళ్లిపోతే ఆ సంస్థను నడిపేవాళ్లు ఉండరు.

2020లో కేంద్రం మొదలుపెట్టిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకంలో మైదాన ప్రాంతాల్లో 300 మంది సభ్యులుండాలన్నారు, నిర్వహణ ఖర్చుకు మూడేళ్లలో 18 లక్షల దాకా ఇచ్చేలా పెట్టారు. మీ జిల్లాలో ఇప్పుడు ఏ సహాయం అందుబాటులో ఉందో నాబార్డ్ (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) జిల్లా అధికారిని అడగండి. ఇలాంటి డబ్బు మొదటి కొన్నేళ్లకే అని గుర్తుపెట్టుకుని లెక్క వేసుకోండి.

సీఎస్ఆర్ వాళ్లు మిషన్ ఇస్తామంటే, 12ఏ, 80జీ, సీఎస్ఆర్ నమోదు ఉన్న ఒక మంచి స్వచ్ఛంద సంస్థ ద్వారా తీసుకోవచ్చు. రెండు సంస్థలు జోడుగా పనిచేయడం మనకు కొత్త కాదు. అరకులో కాఫీ పండించే గిరిజన రైతులకు మాక్స్ సంఘం ఉంది, వెనక నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, అమ్మకాలు వేరే కంపెనీ చూస్తుంది. 2017లో పారిస్‌లో దుకాణం కూడా తెరిచారు.

అంత దూరం కూడా అక్కర్లేదు, చెన్నేకొత్తపల్లికి వెళ్లండి. మీకు బస్సులో వెళ్లొచ్చే దూరం. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990 నుంచి అక్కడ పనిచేస్తోంది. వాళ్ల ప్రోత్సాహంతో 2008లో ధరణి అనే రైతుల సహకార సంఘం మొదలైంది. సేంద్రియంగా పండించిన చిరుధాన్యాలు, శనక్కాయలు సభ్యుల దగ్గర కొని, శుభ్రం చేసి, టింబక్టు ఆర్గానిక్ పేరుతో అమ్ముతుంది. మీరు చేయాలనుకున్నదే, మీలాంటి నేల మీదే. అడిగి వెళ్లి ఒక రోజంతా అక్కడ గడపండి.

సమాజ సేవ చేసే సంస్థలు డబ్బు సమకూర్చుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అని ఒకటుందని మీ స్నేహితుడు చెప్తాడేమో. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2022లో నిబంధనలు తెచ్చింది, ఎన్ఎస్ఈ, బీఎస్ఈ స్టాక్ ఎక్స్ఛేంజీల్లో ఆ విభాగాలున్నాయి. ఇప్పుడు మీకు దానితో పనిలేదు.

మడకశిర అమ్మాయి

అక్కా, అన్నా, సార్, అందరికీ ధన్యవాదాలు. నేను జీతం గురించి అడగడానికే మొహమాటపడ్డాను, అక్క అడగకుండానే చెప్పింది.

కొనుగోళ్ల విభాగంలో నేర్చుకున్నట్టుగా ఒక లెక్క వేశాను. ధరలు ఊహించినవే, తప్పుంటే చెప్పండి. కొర్రలు కిలో 30 అనుకుంటే క్వింటా 3,000. శుభ్రం చేసి ఆడించడానికి 300. బియ్యం 62 కిలోలు వస్తాయనుకున్నాను. అంటే కిలో 53 పడుతుంది. కూలి 5, ప్యాకింగ్ 6, రవాణా 4, సరుకు నిల్వ ఉన్నన్నాళ్లూ వడ్డీ 3. మొత్తం 71. బెంగళూరు దుకాణానికి 90కి ఇస్తే కిలోకు 19 మిగులుతుంది. 12 కిలోలు ఊళ్లో విడిగా 55కి ఇస్తే, ప్యాకింగ్, రవాణా ఉండవు కాబట్టి కిలోకు ఆరు రూపాయల నష్టం. మిగతా 50 కిలోల మీద 950 వస్తుంది కాబట్టి ఊరి నష్టం పోయినా క్వింటాకు 900 దాకా మిగులుతుంది. రైతుకు కిలోకు 3 రూపాయల బోనస్ ఇచ్చినా 600 దాకా నిధికి వేయొచ్చు.

కాగితం మీద బాగానే ఉంది. నాకున్న టెన్షన్ ఏంటంటే, సూపర్‌మార్కెట్‌లో బిల్లు పాస్ కావడానికి నెలన్నర, రెండు నెలలు పట్టేది. రైతుకు కల్లంలోనే డబ్బు కావాలి. పది టన్నులు కొనాలంటే 3 లక్షలు చేతిలో ఉండాలి.

పాల లెక్కలు

లెక్క బాగా వేశారమ్మా. రెండు మార్పులు చెప్తాను. ఇందులో మీ జీతం లేదు, మిషన్ అరుగుదల లేదు. ఆ 600 చూసి సంతోషపడకండి, అందులోంచి ఈ రెండూ పోవాలి. పది టన్నుల మీద 60,000 మిగిలితే అది మీ జీతానికే చాలదు. కాబట్టి ఎన్ని టన్నులు ఆడిస్తే సంస్థ తన కాళ్ల మీద నిలబడుతుందో ఆ అంకె ముందు కనుక్కోండి. రెండోది, 62 కిలోలు ఊహించొద్దు. కొత్త మిషన్‌లో నూక ఎక్కువ పోతుంది, గింజ తేమ సరిగా లేకపోతే ఇంకా పోతుంది. మీ ఊరి కొర్రలు రెండు మూడు బస్తాలు వేరే చోట ఆడించి, తూకం వేసి, వచ్చిన అంకెతో మళ్లీ లెక్క కట్టండి. నూకను పారేయకుండా రవ్వగా ఊళ్లో అమ్మితే అదీ రాబడే.

3 లక్షల గురించి. పొట్టుతో ఉన్న కొర్రలు చాలాకాలం పాడుకావు, పొట్టు తీశాక బియ్యం త్వరగా ముక్క వాసన వస్తుంది, పురుగు పడుతుంది. కాబట్టి పంటంతా ఒకేసారి ఆడించాల్సిన పనిలేదు. ఆర్డరు వచ్చినంతే ఆడించండి. ఆగగలిగే సభ్యుల కొర్రలు వాళ్ల ఇంట్లోనే ఉండనివ్వండి, నెలకు కొంత తెప్పించుకోండి, ఆగినందుకు కిలోకు ఇంత అని ఎక్కువ కట్టండి. ఆగలేనివాళ్లకు, అంటే అప్పు మీద విత్తనం కొన్నవాళ్లకు, కల్లంలోనే మొత్తం ఇచ్చేయండి. ఆ కొద్దిమందికి సరిపడా డబ్బు పొదుపు సంఘాలకు బ్యాంకులిచ్చే లింకేజీ అప్పు నుంచో, ఆ సంఘాలకే అప్పులిచ్చే స్త్రీనిధి నుంచో వస్తుంది. ఆ అప్పు సంఘం పేరున ఉండాలి, మీ అమ్మ పేరున వద్దు.

సూపర్‌మార్కెట్ల దగ్గరికి మొదటి ఏడాది వెళ్లకండి. మీకు పరిచయాలున్నా సరే. బెంగళూరులో అపార్ట్‌మెంట్లవాళ్లు ముందే ఆర్డరిచ్చి, సరుకు దిగగానే డబ్బు ఇస్తారు.

అనంతపురం ఆడిటర్

దుకాణాలకు ఇచ్చే రోజు వచ్చేలోపు ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న పరిశ్రమగా నమోదు చేసుకోండి, ఉచితమే. అలా నమోదైనవాళ్లకు 45 రోజుల్లోగా డబ్బు కట్టాల్సిన బాధ్యత చట్టప్రకారం కొన్నవాళ్ల మీద ఉంటుంది. ప్యాకెట్ల మీద ఆహార భద్రత నమోదు నంబరు కూడా ఉండాలి, అది మొదటి ప్యాకెట్ అమ్మకముందే తీసుకోండి.

మడకశిర అమ్మాయి

రాసుకున్నాను అక్కా. ఈ వారం మూడు సంఘాలవాళ్లూ కలిసి కూర్చుంటున్నారు. ఎవరి వాటా ముందు కాపాడాలన్న సంగతే మొదట మాట్లాడదామని అమ్మ అంటోంది. ఆ తర్వాత చెన్నేకొత్తపల్లికి వెళ్తాం. హిందూపురం, పెనుకొండ వైపు కొర్రలు కూలికి ఆడించే మిషన్ ఎవరికైనా ఉంటే చెప్పండి, మూడు బస్తాలు తెస్తాం.